వంటగట్టు టైల్స్ సందులకు ఏది మేలు: సిమెంట్ గ్రౌటా, ఎపాక్సీనా?

వంటగట్టు మీద సిరామిక్ టైల్స్ వేయిస్తున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "సిమెంట్ గ్రౌట్ నింపి సీలర్ పూస్తే చాలదా, ఎపాక్సీ దాకా పోవాలా?" గ్రౌట్ అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపే సరుకు, ఎపాక్సీ రకంలో సిమెంట్ బదులు రెసిన్ అనే జిగురు ఉంటుంది. సిమెంట్, సీలర్ గోడకైతే చాలు. గట్టు సంగతి వేరు.

గోడ మీద పడ్డ నీళ్లు జారిపోతాయి, గట్టు మీద పడ్డవి నిలుస్తాయి. గుడ్డతో తుడిచిన ప్రతిసారీ పైనున్న జిడ్డును మనమే సందుల్లోకి నెడతాం. టైల్‌కి గ్లేజ్ (గాజులాంటి నున్నని పూత) ఉంది కాబట్టి దానికేం కాదు, నల్లబడేది సందే. అందుకని సందులో నింపిన సరుకు ఎంత నీరు పీలుస్తుందన్నదే నా లెక్కలో అసలు విషయం. యూరప్ ప్రమాణం ఈఎన్ 13888 ప్రకారం పరీక్ష నమూనా 4 గంటల్లో పీల్చగల నీరు మామూలు సిమెంట్ గ్రౌట్‌కి 10 గ్రాముల దాకా, తక్కువ పీల్చే రకానికి 5 గ్రాముల దాకా ఉండొచ్చు. ఎపాక్సీ రకానికి పరిమితి 0.1 గ్రాము!

సీలర్ ఉందిగా అంటారు. సీలర్ సందుకు మూత వేయదు. సిమెంట్‌లోని సన్నని రంధ్రాల్లోకి దిగి నీరు, నూనె ఇంకడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఒలికిన కాఫీని వెంటనే తుడిస్తే మరక పడదు, రాత్రంతా వదిలేస్తే పడొచ్చు. రోజూ తోమే చోట అది అరిగిపోతుంది కూడా. సందు మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. చుక్క నిలబడితే సీలర్ పనిచేస్తున్నట్టు, ఇంకి రంగు ముదిరితే మళ్లీ పూయాల్సిందే. గట్టు మీద ఏడాదికోసారైనా ఈ పని తప్పదనుకోండి. మొదటిసారి అందరూ శ్రద్ధగా పూస్తారు, రెండో ఏడాది ఎవరికీ గుర్తుండదు.

అలాగని సిమెంట్‌ని తీసిపారేయలేం. ఖర్చు తక్కువ, పని తేలిక, చెడితే గీకి మళ్లీ నింపుకోవచ్చు. సొంతంగా చేసుకునేవాళ్లకు అదే నయం. సందు 3 మి.మీ. కంటే సన్నగా ఉంటే ఇసుక లేనిది, వెడల్పుగా ఉంటే ఇసుక కలిసినది వాడాలి. పని చెడేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. జారుగా ఉంటే సులువని ఎక్కువ పోస్తే ఆరాక పొడి రాలుతుంది, రంగు మచ్చలుగా తేలుతుంది. డబ్బా మీద వేరేగా రాసి ఉంటే తప్ప, సీలర్ పూసే ముందు 3 రోజులైనా ఆగండి. టైల్ మీద పడ్డ సీలర్‌ని ఆరకముందే తుడవాలి. తర్వాత వెనిగర్, యాసిడ్ క్లీనర్లు దగ్గరికి రానివ్వొద్దు, సిమెంట్‌ని తినేస్తాయి.

ఎపాక్సీకి సీలర్ అక్కర్లేదు. కష్టమంతా వేసే రోజే. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపాక దాదాపు ముప్పావు గంటే టైమ్ ఉంటుంది, వేడికి ఇంకా తగ్గుతుంది. కొంచెమే చాలని అంచనాగా పాళ్లు కలిపితే సరిగా గట్టిపడదు. టైల్ మీద మిగిలిన పలుచని పొరను అప్పుడే కడగాలి, మర్నాడు గీకడం పెద్ద టెన్షన్. అందుకే మేస్త్రిని "ఎపాక్సీ వేస్తారా?" అని కాకుండా "ఇదివరకు వేసింది చూపిస్తారా?" అని అడగండి. తెల్ల రంగు ఎండ తగిలితే పసుపెక్కుతుంది. గ్లేజ్ లేని గరుకు టైల్స్ అయితే రెసిన్ వాటికే పట్టేస్తుంది, అక్కడ మాత్రం సిమెంటే.

పాత గ్రౌట్ మీద పైపైన ఎపాక్సీ రాయించకండి, ఊడిపోతుంది. లోతులో మూడింట రెండు వంతులైనా తవ్వాకే నింపాలి. టైల్ కదులుతుంటే ముందు దాని సంగతి చూడాలి.

డబ్బాలో రెడీగా వచ్చే అక్రిలిక్ గ్రౌట్ తడి ఆరితేనే గట్టిపడుతుంది, సింక్ పక్కన నాకు నమ్మకం లేదు. గ్రౌట్ పెన్నులు రంగు వేయడానికే. గట్టు గోడను కలిసే మూలలో, సింక్ అంచున ఏ గ్రౌటూ వద్దు, సిలికోన్ పెట్టండి. రెండు వైపులా వేర్వేరుగా కదిలే చోట గ్రౌట్ పగులుతుంది.

ఖర్చు గురించి ఆలోచిస్తుంటే వెనక గోడకు సిమెంట్, గట్టు వరకే ఎపాక్సీ వేయించండి. గట్టు చిన్నదే కాబట్టి సరుకు తక్కువే పడుతుంది. ఒకే పేరున్న షేడ్ అయినా రెండు రకాల్లో ఒకేలా రాదు, కాబట్టి గోడకు కావాలనే వేరే రంగు ఎంచుకోండి.