లేసు లేబుల్ మీద ఏ మాట: ‘హ్యాండ్‌మేడ్’ లేదా ‘చేతి అల్లిక’?

నర్సాపురం లేసు అమ్మేవాళ్లకు ఎప్పుడూ ఉండే టెన్షన్ ఇది.

హ్యాండ్‌మేడ్: 17వ శతాబ్దం మొదట్లో వాడుకలోకి వచ్చిన జంటమాట. అంతకు చాలా ముందే పాత ఇంగ్లీషులో ‘హ్యాండ్‌వర్హ్ట్’ ఉండేది. అందులోని రెండో సగమే నేటి ‘రాట్’, అంటే ‘వర్క్’కు పాత భూతకాల రూపం. విదేశీ బేరగాడికి వివరించే శ్రమ లేదు. కానీ చేత్తో ఏం చేశారో చెప్పదు, సబ్బుకైనా అంటించొచ్చు.

చేతి అల్లిక: పనిని పేరుతోనే చెబుతుంది. బయటివాళ్లకు మాత్రం అర్థం రాసిన చీటీ జతచేయాలి, కొంచెం ఖర్చు.

‘చేనేత’ అని రాయకండి. అది మగ్గం పని. మన ఆడవాళ్లది క్రోషె సూదితో మెలిక మెలికగా అల్లే పని. ఆ తేడా చెరిగిపోతే నాకు బాధేస్తుంది.

ఎగుమతికి ‘హ్యాండ్‌మేడ్ క్రోషె’ రాయండి. పాలకొల్లు, భీమవరం కొట్లకు చేతి అల్లికే.