స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మే రైఫిల్ గొట్టాలతో జాగ్రత్త

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నుంచి లైసెన్సుపై పాయింట్ 22 (గొట్టం వ్యాసం సుమారు 0.22 అంగుళం) టార్గెట్ రైఫిల్ కొనదలచిన వారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. తీరప్రాంత నగరంలోని ఒక డీలరు వద్ద, క్రోమ్‌మోలీ (క్రోమియం, మాలిబ్డినం కొద్దిగా కలిపిన) ఉక్కు గొట్టం వద్దనుకుని, బాగా ఎక్కువ ధర పెట్టి స్టెయిన్‌లెస్ గొట్టం ఉన్న రైఫిల్ తీసుకున్నాను. "జన్మలో తుప్పు పట్టదండీ, మన్నిక రెట్టింపు" అని ఆయన భరోసా ఇచ్చారు. ఒక్క వానాకాలం గడిచేసరికి గొట్టం మూతి అంచున గసగసాలంత గుంటలు పడ్డాయి. నూనెగుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రమట్టి రంగుకు తిరిగింది, గుంటల చుట్టూ వెండిలా మెరిసే పైపొర పెచ్చులుగా లేచి అడుగున మసకబారిన బూడిదరంగు లోహం కనిపించింది.

అడిగితే, "స్టెయిన్‌లెస్‌కు కూడా తుప్పు పడుతుంది కదండీ" అన్నారు. అమ్మేటప్పుడు చెప్పని ఆ మాట నిజానికి సరైనదే. రైఫిల్ గొట్టాలకు ఎక్కువగా వాడే 416 ఆర్ రకంలో క్రోమియం 12 నుంచి 14 శాతం వరకే ఉంటుంది, పైగా తొలవడం తేలిక కావడానికి గంధకం కలుపుతారు కనుక, 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే వంటపాత్రల 304 రకంలా అది ఉప్పుగాలికి, చేతి చెమటకు తట్టుకోలేదు. అయితే స్టెయిన్‌లెస్ పైనుంచి లోపలి దాకా ఒకే లోహం, దాని మీద పెచ్చులుగా ఊడడానికి పొర అంటూ ఉండదు. ఊడిందంటే మామూలు ఉక్కుకు మెరుగుపూత పూశారన్నమాట.

తెరుబలి ఫెర్రోక్రోమ్ కర్మాగారంలో పనిచేసిన మా బంధువు సలహాతో, లోహంలో ఏ మూలకం ఎంత ఉందో చెప్పే, గొట్టానికి గీత కూడా పడని ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్ష ల్యాబులో చేయించగా, పెచ్చు లేచిన చోట క్రోమియం ఒక శాతం దగ్గరే తేలింది. అది 4140 వంటి క్రోమ్‌మోలీ ఉక్కు లక్షణం. అందులో క్రోమియం, మాలిబ్డినం ఉండేది ఉక్కు లోతుగా గట్టిపడడానికే తప్ప తుప్పును ఆపడానికి కాదు. దుకాణంలో అయస్కాంతం అంటించి "చూడండి, అసలు సరుకు" అని చూపిస్తే నమ్మవద్దు. 416 ఆర్‌కూ, 4140కీ అయస్కాంతం ఒకే విధంగా అంటుకుంటుంది.

మన్నిక రెట్టింపు అన్న మాట కూడా ఇక్కడ పొసగదు. స్టెయిన్‌లెస్‌కు ఆ పేరు వచ్చింది పెద్ద తూటాల రైఫిళ్లలో, మందు పేలిన వేడి వాయువులు గొట్టం మొదటి భాగాన్ని త్వరగా తినేసే చోట. పాయింట్ 22 తూటాలో మందు కొద్దిగానే ఉంటుంది, గుండు సీసం, కనుక ఏ ఉక్కైనా చాలాకాలం వస్తుంది. నా అభిప్రాయంలో మన తేమకు నల్లపూత వేసిన మంచి క్రోమ్‌మోలీ గొట్టమే చాలు. వాడిన ప్రతిసారీ నూనె రాసి, తేమను పట్టి ఉంచే స్పాంజి పెట్టెలో కాకుండా విడిగా తాళం వేసిన బీరువాలో ఉంచాలి.

అయినా స్టెయిన్‌లెస్సే కావాలనుకునేవారు ఉక్కు రకాన్ని అంకెతో సహా బిల్లులో రాయించుకోవాలి. నా బిల్లులో "స్టీల్ బ్యారెల్" అని మాత్రమే ఉండడం డీలరుకు కలిసివచ్చింది. గొట్టం మార్పించాలన్నా లైసెన్సున్న డీలరు దగ్గరే చేయించాలి, ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగాలూ ఆయుధాలే కనుక ఊళ్లో లేతు పనివారికి ఇవ్వకూడదు.

దుకాణం ఆంధ్రలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, 2 సంవత్సరాలలోపు, ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. నా ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందున దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.