ఇయాన్ బ్రూస్ కట్టిన లేజర్ పడవ: చాలా ఏళ్లు నడిపాక

లేజర్ అంటే ఒక్క మనిషి నడిపే చిన్న తెరచాప పడవ. దాని ప్రస్తావన వస్తే అందరూ ముందుగా రూపకర్త బ్రూస్ కర్బీ పేరే తలుస్తారు. 1969లో ఫోన్‌లో మాట్లాడుతూనే ఆయన కాగితం మీద గీసిన చిన్న బొమ్మ ఈ పడవకు మూలమైన కథ తెరచాప పడవలు నడిపే వారికి కంఠతా వచ్చు. ఆ ఫోన్ చేసిన మనిషికి మాత్రం దక్కవలసినంత పేరు దక్కలేదని నాకు ఎప్పటినుంచో బాధ. ఆయన ఇయాన్ బ్రూస్. 1933లో జమైకాలో పుట్టి, కెనడాలో స్థిరపడి, 1960లోనూ 1972లోనూ ఆ దేశం తరఫున ఒలింపిక్స్‌లో పడవ పోటీలకు దిగి, మాంట్రియల్ పక్కనున్న పాయింట్ క్లేర్‌లో పర్ఫార్మెన్స్ సెయిల్‌క్రాఫ్ట్ అనే సంస్థను నడిపిన పడవల నిర్మాత. 2016లో కన్నుమూశారు. మేము ఉండేది ఆ పాయింట్ క్లేర్‌ను ఆనుకొని ఉన్న సెయింట్ లూయీ సరస్సు దగ్గరే కనుక, ఆయన కట్టిన పడవను ఆయన ఊరి నీళ్లలోనే నడిపే అవకాశం నాకు దొరికింది.

పొడవు, బరువు, తెరచాప వైశాల్యం వంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ పడవను నేను ఇంతకాలం వదలకుండా ఉండడానికి కారణం ఒక్కటే. దాని భాగాలన్నీ, ఏ కాలంలో ఏ ఖండంలో తయారైనా, ఒకదానికొకటి సరిపోతాయి. అది కర్బీ గీసిన గీతలో ఉన్న గుణం కాదు, బ్రూస్ తయారీలో పాటించిన క్రమశిక్షణ వల్ల వచ్చినది. లేజర్ కట్టే ప్రతి నిర్మాతా ఒకే మూల అచ్చు నుంచి తీసిన అచ్చులనే వాడాలి, ఫైబర్‌గ్లాస్ పొరలు ఎక్కడ ఎన్ని వేయాలో చెప్పే ఒకే నిర్మాణ నియమావళిని అనుసరించాలి. డబ్బున్నవాడు తేలికైన పడవ కట్టించుకుని గెలిచే దారి అలా మూసుకుపోయింది. 1971 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో అమ్మకానికి వచ్చిన ఈ పడవ రెండు లక్షలకు మించి తయారైనా, 1996 నుంచి ఒలింపిక్స్‌లో కొనసాగుతున్నా, అందుకు మొదటి కారణం ఈ పట్టుదలే అని నేను నమ్ముతాను.

నా పడవ చాలా పాతది, ఇతరుల చేతులు మారి నా దగ్గరకు వచ్చింది. మా అమ్మాయి పడవ నేర్చుకునే వయసుకు వచ్చినప్పుడు పూర్తి తెరచాప ఆమెకు బరువవుతుందని, తెరచాపను నిలబెట్టే స్తంభమైన మాస్ట్‌లో పొట్టిగా ఉండే కింది ముక్కనూ చిన్న తెరచాపనూ కొత్తగా కొన్నాము. ఆమె పుట్టకముందే ఎప్పుడో తయారైన డెక్ (పడవ పైభాగం) గొట్టంలోకి ఆ కొత్త అల్యూమినియం ముక్క ఎక్కడా రాసుకోకుండా, గోకవలసిన పని లేకుండా దిగిపోయింది. ఒకే పడవ పొద్దున నాది, సాయంత్రం ఆమెది. ఇంట్లో ఇంకే వస్తువు విషయంలోనూ నాకు ఇంతటి సంతోషం కలగలేదు.

అయితే ఆ గొట్టం గురించే ఇప్పుడు వివరంగా చెప్పాలి. లేజర్ మాస్ట్‌కు పక్కల నుంచి లాగి పట్టే తీగలు ఉండవు. కారు పైకప్పు మీద మోసుకెళ్లగలిగే పడవ కావాలన్నది తొలి ఆలోచన కనుక, మాస్ట్ రెండు ముక్కలుగా విడిపోతుంది, తెరచాప దాని మీదికి తొడుగులా దిగుతుంది, మొత్తం డెక్‌లోని ఒక గుండ్రటి గొట్టంలో నిలబడుతుంది. అమర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి నేను చూడలేదు. కాని గాలి తెరచాప మీద పెట్టే ఒత్తిడి యావత్తూ ఆ గొట్టం పై అంచు మీదా అడుగు మీదా పడుతుంది. ఒడ్డున అంటుకున్న ఇసుక కొంచెం లోపల పడిందంటే, మాస్ట్ కదిలిన ప్రతిసారీ దాని మడమ కింద ఆ ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది.

ఒక వేసవి మధ్యాహ్నం, గాలి బాగా ఉన్నప్పుడు, పడవ మలుపులో బద్ధకంగా తిరగడం గమనించాను. ముక్కు అలలోకి దిగిపోతున్నది. బోల్తా పడి నిటారుగా ఎత్తగానే మళ్లీ అవతలి పక్కకు ఒరిగింది, ఆ క్షణంలో డెక్ కింద నీళ్లు ఒక పక్క నుంచి ఇంకొక పక్కకు దొర్లే చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎలాగో ఒడ్డు చేరి, ముక్కును పైకెత్తి, వెనుక అంచున ఉన్న బిరడా విప్పితే నీళ్లు ఎంతసేపటికీ ఆగలేదు. మరునాడు పడవను సమంగా ఉంచి, గొట్టంలో నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత పెట్టాను. గంట తిరగకముందే మట్టం గీతకు నాలుగు వేళ్ల కిందికి జారింది. గొట్టం అడుగు అరిగి చిల్లుపడిందన్నమాట. ఇంకొంతకాలం అలాగే నడిపి ఉంటే మాస్ట్ డెక్‌ను చీల్చుకుని పడిపోయేది. పాత లేజర్లకు ఇలా జరగడం కొత్తేమీ కాదు. పడవ అమ్మిన వ్యక్తి దీని గురించి ఒక్క మాట కూడా అనలేదు.

మరమ్మతు అసాధ్యం కాదు. డెక్‌లో గుండ్రంగా కోసి, మూత బిగించే రంధ్రం చేసుకోవడానికి పోటీ నియమాలు కూడా ఒప్పుకుంటాయి. అందులోంచి చేతిని మోచేయి దాటేవరకు లోపలికి చాచి, గొట్టం మొదలు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో తడిపిన గాజు బట్టను తడుముకుంటూ పొరలు పొరలుగా అంటించాలి. కళ్లకు కనబడని పని అది. ఆరిన తరవాత గొట్టం అడుగున అరుగుదల ఆపే బిళ్ల వేశాను. మళ్లీ నీళ్లు పోసి చూస్తే మట్టం కదలలేదు, ఇప్పటికీ కదలడం లేదు.

దీని తరవాత నా పొగడ్త కొంత తగ్గిందని చెప్పాలి. అన్ని పడవలూ ఒకేలా ఉండాలన్న నియమం భాగాలను కాపాడినట్లే లోపాలనూ కాపాడింది. తాళ్లను బిగించే పాత పరికరాలు చేతులకు ఎంత కష్టమో తెలిసి కూడా, వాటిని మెరుగుపరచుకోవడానికి నియమాలు అనుమతించేసరికి ఏళ్లు పట్టింది. పోటీలకు దిగాలంటే ఆమోదముద్ర ఉన్న భాగాలే కొనాలి, వాటి వెల ఎక్కువ. పేరు మీదా తయారీ హక్కుల మీదా నడిచిన వివాదాల తరవాత 2019 నుంచి ఈ పడవ పోటీల్లో ఐఎల్‌సీఏ (అంతర్జాతీయ లేజర్ సంఘం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు) అనే పేరుతో సాగుతున్నది. ఇంకొక సంగతి, పూర్తి తెరచాపకు మనిషి బరువు ఎనభై కిలోల దరిదాపుల్లో ఉంటేనే గట్టి గాలిలో పడవ మాట వింటుంది. తేలికైనవారి ఇబ్బంది బ్రూస్‌కూ తెలుసు. ఆయన తరవాతి కాలంలో బైట్ అనే చిన్న పడవను రూపొందించడం అందుకు సాక్ష్యం. నేనూ సన్నటివాణ్ణే కాబట్టి రేడియల్ అనే చిన్న తెరచాపతోనే ఎక్కువగా నడుపుతాను.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద లేజర్లు నడిపేవారు, ఆ పోటీలు చూసి ఆసక్తి పెంచుకున్నవారు పాత పడవ కొనవచ్చా అని అడుగుతుంటారు. నా అనుభవం చలిదేశంలో, ఏడాదిలో సగం రోజులు పడవను కప్పి ఉంచే చోట కలిగింది. మరమ్మతుకు గ్యారేజీ ఉంది, ఫైబర్‌గ్లాస్ పని మీద ఇష్టం ఉంది. మోకాళ్లూ నడుమూ ఇంకా సహకరిస్తున్నాయి, గంటలకొద్దీ అంచు మీద వెనక్కి వాలి కూర్చోవడం అందరికీ కుదరదు. ఇవి ఉన్నవారికి కొనమనే చెబుతాను. డబ్బు చేతిలో పెట్టే ముందు మాత్రం ఒక చెంబెడు నీళ్లు అడిగి, మాస్ట్ గొట్టంలో పోసి, గంటసేపు అక్కడే ఉండండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఇంకొక పడవ చూసుకోండి.