‘అన్ని కెమెరాలకూ సరిపోతుంది’ అన్న ఫ్లాష్ కొని ఇరుక్కున్నాను: మొక్కల ఫోటోలు తీసేవాళ్లు జాగ్రత్త

చిన్న పూలను, మొక్కలను ఆరుబయట దగ్గరగా ఫోటో తీయడానికి ఫ్లాష్ కొనాలనుకునేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నావి 6,800 రూపాయలు నెల రోజులపాటు ఇరుక్కుపోయాయి. అంతకంటే బాధేమిటంటే, ఈ ఏడాది పూలు చాలావరకు చేజారిపోయాయి.

వినాయక చవితి పూజలో వాడే 21 పత్రుల మొక్కలను పూలతో సహా ఫోటోలు తీసి పెట్టుకోవాలని నా కోరిక. మా పిల్లలకు పత్రి అంటే బజారులో కట్టగా అమ్మే ఆకులే. విష్ణుక్రాంతానికి నీలం పువ్వు పూస్తుందంటే నమ్మలేదు. ఆ పువ్వు వేలిగోరంత కూడా ఉండదు. నేలను అంటిపెట్టుకుని పెరుగుతుంది, పొద్దున్నే విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. అంత దగ్గరికి వెళ్లినప్పుడు లెన్స్ కన్నాన్ని ఎఫ్ 11 దాకా మూస్తేగానీ పువ్వంతా ఫోకస్‌లోకి రాదు. అంత మూస్తే వెలుగు చాలదు. షట్టర్ నెమ్మది చేస్తే చిన్న గాలికే పువ్వు ఊగి ఫోటో అలికినట్టు వస్తుంది. అందుకే ఫ్లాష్ కావాలి. అది కూడా కెమెరా నెత్తిన పెడితే లెన్స్ నీడ పువ్వు మీదే పడుతుంది కాబట్టి, విడిగా పక్కన పట్టుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఒక కిట్ కనిపించింది. ఫ్లాష్, దాన్ని వైరు లేకుండా దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్ జత, పైన తొడిగే తెల్ల ప్లాస్టిక్ టోపీ. వివరాల్లో అన్నీ పెద్ద పెద్ద మాటలే: అన్ని కెమెరాలకూ సరిపోతుంది, టీటీఎల్ (ఎంత వెలగాలో కెమెరాయే కొలిచి చెప్పడం), హెచ్ఎస్ఎస్ (షట్టర్ చాలా వేగంగా ఉన్నా ఫ్లాష్ పనిచేయడం) 1/8000 సెకను దాకా, జీఎన్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 60. రేటింగ్ నాలుగున్నర నక్షత్రాలు. ఆ రివ్యూలు కాస్త కిందికి జరిపి చూసి ఉంటే, సగం ఏదో మొబైల్ స్టాండు గురించి రాసినవని అప్పుడే తెలిసేది. చూడలేదు.

వచ్చిన రోజు సాయంత్రం హాల్లో మనీప్లాంట్ మీద టెస్టు చేశాను. షట్టర్ 1/125 సెకను దగ్గర బ్రహ్మాండంగా వెలిగింది. మురిసిపోయాను. తర్వాత వారం రోజులు ఒకటే ముసురు. తొమ్మిదో రోజున ఎండ కాస్తే వికారాబాద్ వైపు వెళ్లాను. నాకు అసలు దెబ్బ తగిలింది ఈ తొమ్మిదో రోజు దగ్గరే, ఎందుకంటే రిటర్న్ గడువు ఏడు రోజులు.

అక్కడ మొదట 1/1000 పెట్టాను, హెచ్ఎస్ఎస్ ఉందన్నారు కదా. ఫోటోలో ఒక పక్క సన్నటి పట్టీ మాత్రం వెలిగింది, మిగతాదంతా చీకటి. నా క్యానన్ పాత బాడీ సింక్ స్పీడ్, అంటే మామూలు ఫ్లాష్ ఫోటో అంతటినీ వెలిగించగల అత్యధిక షట్టర్ వేగం, 1/200. సరే, దానికే దించాను. అయినా అడుగున నల్లటి చార పోలేదు. ట్రిగ్గర్ ఆలస్యంగా అందుకుంటోందన్నమాట. 1/125కి దిగితే చార పోయింది గానీ ఎండ కూడా కొంత ఫోటోలోకి వచ్చేసింది. గాలికి కదిలిన పువ్వు చుట్టూ దెయ్యంలా ఇంకో అంచు. పైగా పదిసార్లు నొక్కితే నాలుగుసార్లు ఫ్లాష్ వెలగనే లేదు.

ట్రిగ్గర్ పక్కన పడేసి, కెమెరా సొంత ఫ్లాష్‌ను చూసి ఇది వెలిగేలా స్లేవ్ మోడ్‌లో పెట్టాను. కళ్లెదుట ఫ్లాష్ వెలుగుతోంది, ఫోటోలో మాత్రం వెలుగు లేదు! ఇందులో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కెమెరా ఫ్లాష్ టీటీఎల్‌లో ఉంటే అసలు వెలుగుకు ముందు కొలత కోసం ఒక చిన్న మెరుపు ఇస్తుంది. ఎస్1 మోడ్‌లో ఉన్న స్లేవ్ ఆ మెరుపుకే వెలిగి ఖర్చయిపోతుంది. ఆ ముందు మెరుపును వదిలేసే ఎస్2కి మార్చాలి. మార్చాను. చెట్టు నీడలో పనిచేసింది. ఎండలోకి రాగానే దాని కన్నుకు కెమెరా మెరుపు ఆనలేదు. ఆ కన్ను అవతలికి తిరిగితే ఇక అసలే లేదు. గోడలూ పైకప్పూ ఉన్న హాల్లో పనిచేసిందని బయలులోనూ పనిచేస్తుందనుకోవద్దు.

కస్టమర్ కేర్ వాళ్లు ‘మీరు వాడే పద్ధతిలో పొరపాటు ఉండొచ్చు సార్’ అన్నారు. మర్నాడు కోఠిలో ఫ్లాష్‌లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని వెలిగించి కూడా చూడలేదు. తిరగేసి అడుగు భాగం చూపించాడు.

“తమ్మీ, కింద ఒక్కటే పిన్ను ఉంది. దీనికి టీటీఎల్ ఏడికెల్లి వస్తది?”

కెమెరా మీద ఫ్లాష్ బిగించే చోట మధ్యలో ఉండే పిన్ను ‘వెలుగు’ అని మాత్రమే చెప్పగలదు. ఎంత వెలగాలో, షట్టర్ ఎంత వేగంలో ఉందో చెప్పడానికి మిగతా పిన్నులు కావాలి. అవి క్యానన్‌కు ఒక తీరు, నికాన్‌కు ఒక తీరు. సోనీ అయితే 2012 నుంచి షూ (ఫ్లాష్ బిగించే ఆ చోటు) డిజైనే మార్చేసింది. కాబట్టి ఒకే ఫ్లాష్ అన్ని కెమెరాలకూ టీటీఎల్‌తో సరిపోతుందని ఎవరైనా అంటే, అది ఒంటి పిన్ను మాన్యువల్ ఫ్లాష్ అయినా అయి ఉండాలి, అబద్ధమైనా అయి ఉండాలి. మాన్యువల్ ఫ్లాష్ చెడ్డదని కాదు, మొక్కలకు అది చక్కగా చాలు. లేనిదాన్ని ఉందని చెప్పి ఎక్కువ డబ్బు తీసుకోవడమే మోసం. లిస్టింగ్‌లో అడుగు భాగం ఫోటో లేకపోతే అడగండి. పంపకపోతే వదిలేయండి.

ఆయన దగ్గర అరగంట కూర్చున్నాక తెలిసిందేమిటంటే, నేను ఎగబడి కొన్న ఆ గొప్పలేవీ ఈ పనికి అక్కర్లేదు. జీఎన్ 60 అంటే ఐఎస్ఓ (వెలుగును కెమెరా పట్టే సున్నితత్వం) 100 దగ్గర, ఎఫ్ 11కి అయిదున్నర మీటర్ల దూరం దాకా వెలుగు చేరుతుందని లెక్క. అది కూడా ఫ్లాష్ తలను పూర్తిగా జూమ్ చేసి కొలిచిన అంకె అయ్యుంటుంది. మనం పువ్వుకు జానెడు దూరంలో ఉంటాం! 1/16 పవర్ కూడా ఒక్కోసారి ఎక్కువే. హెచ్ఎస్ఎస్ సంగతీ అంతే. పువ్వును సైజుకు సైజు, అంటే సెన్సార్ మీద అసలంత సైజులో పడేలా, తీసేటప్పుడు లెన్స్‌లోనే రెండు స్టాపుల వెలుగు, అంటే నాలుగింట మూడొంతులు, పోతుంది. మంచి ఎండలో కూడా ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్ 11 దగ్గర వెనకాల దానంతటదే ముదురుగా వస్తుంది. పువ్వును గాలికి కదలకుండా పట్టేది షట్టర్ కాదు, తక్కువ పవర్‌లో సెకనులో వేలవంతు కూడా ఉండని ఆ మెరుపు. హెచ్ఎస్ఎస్‌లో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక వరసగా వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఆ లాభమే పోతుంది.

దీనికంటే ముందు ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను, సిగ్గుపడకుండా చెప్పేస్తున్నా. ‘మాక్రో రింగ్ ఫ్లాష్’ అని 1,900 పెట్టి కొన్నది తీరా చూస్తే లెన్స్ చుట్టూ వెలిగే ఎల్‌ఈడీ దీపం. ఫ్లాష్ కానే కాదు. ఎండలో అది వెలుగుతోందో లేదో కూడా తెలియదు. వివరాల్లో జీఎన్ లేకుండా బల్బుల సంఖ్య, వాట్లు, రంగు ఉష్ణోగ్రత మాత్రమే రాసి ఉంటే అది ఎల్‌ఈడీ అని అర్థం.

ఇక డబ్బు సంగతి. అమ్మకందారు రెండు మెసేజ్‌ల తర్వాత మాయమయ్యాడు. అమ్మిన సైటులో గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. నాకు మూడో రోజు దాకా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. లిస్టింగ్ స్క్రీన్‌షాట్లు, ఒంటి పిన్ను ఫోటో, నల్లచార ఫోటోలు జతచేశాను. స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోవడం మంచిదైంది, ఎందుకంటే నేను ఫిర్యాదు చేశాక లిస్టింగ్‌లో ‘టీటీఎల్’ అన్న మాట మాయమైంది. ఫిర్యాదు చేసిన ఇరవై మూడో రోజున 6,800 వాపసు వచ్చింది. రింగు లైటు డబ్బు రాలేదు, రాదు కూడా. హెల్ప్‌లైన్‌తోనూ తేలకపోతే మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు.

ఈ గొడవలో పడి పాత ఫ్లాష్‌ల వైపు పరుగెత్తేవాళ్లకు ఒక మాట. ఫిల్మ్ కాలం నాటి కొన్ని ఫ్లాష్‌ల పిన్ను మీద 200 వోల్టులు దాటి ఉంటుంది, డిజిటల్ కెమెరా కాలిపోవచ్చు. మీటర్ పెట్టి చూడకుండా బిగించొద్దు. పాడైన ఫ్లాష్‌ను ఇంట్లో విప్పడం ఇంకా ప్రమాదం. సెల్స్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు.

ఇప్పుడు నేను వాడుతున్నది నా కెమెరా కంపెనీ పిన్నులే ఉన్న సెకండ్ హ్యాండ్ ఫ్లాష్, ఒక టీటీఎల్ వైరు. వైరు 1,400 పడింది. ఫ్లాష్ మన చెయ్యి చాచినంత దూరంలోనే ఉంటుంది కాబట్టి ఈ పనికి రేడియో ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్లాస్టిక్ టోపీ కూడా తీసేశాను. అది వెలుగొచ్చే చోటును అంతగా పెద్దది చేయదు, బయలులో ఊరికే వెలుగును తగ్గిస్తుంది. పువ్వుకు దగ్గరగా ఏ4 సైజు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెడితే నీడలు మెత్తబడ్డాయి. ఎలా కొన్నా సరే, వచ్చిన మూడు రోజుల్లోపే ఎండలోకి తీసుకెళ్లి, సింక్ స్పీడ్ దగ్గర యాభైసార్లు వెలిగించి చూడండి. ముసురు పడితే వాన తెరిపిచ్చినప్పుడు డాబా మీదైనా సరే.

నిన్న మళ్లీ వెతికితే అదే కిట్, అవే ఫోటోలు, వేరే అమ్మకందారు పేరుతో 5,999కి కనిపించింది. ఈసారి జీఎన్ 80 అట.