మండేలా అడుగుజాడల్లో: జొహానెస్‌బర్గ్ నుంచి రాబెన్ ద్వీపం దాకా

దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా పేరుతో ముడిపడిన స్థలాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏవి మన సమయానికీ ఖర్చుకీ తగినవో, ఏవి వర్ణవివక్షపై ఆయన జీవితకాలం సాగించిన పోరాటాన్ని మనసుకు పట్టిస్తాయో, మా కుటుంబంతో చేసిన ప్రయాణాన్ని బట్టి రాస్తున్నాను. ఆయనను సహచరుల నడుమ నిలబెట్టి చూపిన చోట్లే నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచాయి.

జొహానెస్‌బర్గ్‌లో మేము రోజ్‌బ్యాంక్ ప్రాంతంలోని ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాము. గౌట్రెయిన్ అనే వేగపు రైలు స్టేషన్ దగ్గరలోనే ఉండటం వల్ల రాకపోకలు సులువయ్యాయి. చీకటి పడ్డాక మాత్రం కాలినడకన తిరగకుండా క్యాబ్ పిలుచుకోవడమే మంచిది. 2001లో తెరిచిన అపార్థైడ్ (వర్ణవివక్ష) మ్యూజియానికి కనీసం సగం రోజు కేటాయించాలి. మన జాతితో నిమిత్తం లేకుండా ‘తెల్లవారు’, ‘తెల్లవారు కానివారు’ అని విడదీసిన టికెట్లు చేతికిస్తారు. దాన్నిబట్టి వేర్వేరు ద్వారాల గుండా లోపలికి వెళ్లాలి. నేనూ మా అమ్మాయీ అలా విడిపోయి నడిచిన ఆ కొద్ది దూరం, తర్వాత చదివిన ఎన్నో ఫలకాలకంటే ఎక్కువ చెప్పింది. ఉరితీసిన రాజకీయ ఖైదీలకు గుర్తుగా పైకప్పు నుంచి వేలాడదీసిన 131 ఉరితాళ్ల గది పదేళ్లలోపు పిల్లలకు తగదు. అక్కడి నుంచి కాన్‌స్టిట్యూషన్ హిల్‌కు వెళ్లడం సబబు. గాంధీజీని, మండేలాను వేర్వేరు కాలాల్లో నిర్బంధించిన పాత కారాగారాల ఆవరణలో, కూల్చిన జైలు భవనపు ఇటుకలను వాడుకుని రాజ్యాంగ న్యాయస్థానాన్ని కట్టారు. 1995లో మరణశిక్ష రాజ్యాంగవిరుద్ధమని తీర్పు ఇచ్చింది ఆ న్యాయస్థానమే.

జొహానెస్‌బర్గ్‌లోని నల్లజాతి వారి పేట సొవెటోలో, విలకాజీ వీధిలోని మండేలా ఇల్లు చాలా చిన్నది. జనం రద్దీలో నిలబడి చూసే వీలు కూడా దొరకలేదు. దానికి దగ్గర్లోనే ఉన్న హెక్టర్ పీటర్సన్ స్మారకం దగ్గర ఎక్కువసేపు గడపమని చెబుతాను. ఆఫ్రికాన్స్ భాషలో చదవాలన్న నిర్బంధాన్ని ఎదిరించి 1976 జూన్ 16న వీధుల్లోకి వచ్చిన విద్యార్థులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో చనిపోయిన బాలుడే హెక్టర్. మండేలా అప్పటికి రాబెన్ ద్వీపంలో ఖైదీ. పోరాటాన్ని బయట మోసింది ఆ పిల్లలు.

అద్దె కారులో డర్బన్ వైపు వెళ్లేవారు హోవిక్ దగ్గర తప్పక ఆగాలి. డ్రైవరు వేషంలో వెళుతున్న మండేలాను 1962 ఆగస్టు 5న పోలీసులు పట్టుకున్నది అక్కడే. ఆ ఘటనకు యాభై ఏళ్లు నిండినప్పుడు యాభై ఉక్కు స్తంభాలతో శిల్పాన్ని నిలిపారు. ఒక నిర్ణీత స్థానం నుంచి చూస్తే అవన్నీ కలిసి మండేలా ముఖమవుతాయి. పక్కకు జరిగితే విడివిడి స్తంభాలే మిగులుతాయి. ఆయన సాహచర్యాన్ని ఇంత సూటిగా చెప్పిన స్మారకం నేను మరొకటి చూడలేదు.

డర్బన్ మనకు పరాయి ఊరు కాదు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల కూలీలుగా వచ్చిన తెలుగువారి వారసులు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ కూడా ఉంది. శాకాహారానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఊరి శివారు ఇనాండాలోని ఓహ్లాంగే పాఠశాలలో 1994 ఏప్రిల్ 27న మండేలా తన జీవితంలో తొలిసారి ఓటు వేశారు. అదే ఆవరణలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు జాన్ డూబే సమాధి ఉంది.

కేప్‌టౌన్‌లో వాటర్‌ఫ్రంట్ హోటళ్లు ఖరీదైనవి. సీ పాయింట్‌లో వంటగది ఉన్న గది తీసుకోవడం కుటుంబాలకు నయం. రాబెన్ ద్వీపానికి పడవ వాటర్‌ఫ్రంట్ నుంచే బయలుదేరుతుంది. ద్వీపం చూడడంతో కలిపి రానుపోను సుమారు నాలుగు గంటలు పడుతుంది. ద్వీపంలో బస్సు ప్రయాణం నాకు తృప్తినివ్వలేదు. వర్ణవివక్షను ఎదిరించిన మరో నాయకుడు రాబర్ట్ సొబుక్వేను ఒంటరిగా ఉంచిన ఇంటినీ, ఖైదీల కళ్లను దెబ్బతీసిన సున్నపురాయి గనినీ ఆ తొందరలో చూపడం అన్యాయం. జైలు లోపలి భాగం మాత్రం ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే అక్కడ మమ్మల్ని నడిపించినది ఒకప్పుడు అక్కడే శిక్ష అనుభవించిన రాజకీయ ఖైదీ. ఆయన ముందుగా చూపింది మండేలా గదిని కాదు, తిండి పట్టికను: భారతీయులకు రొట్టె ఉంది, ఆఫ్రికన్లకు లేదు. బట్టల్లోనూ అదే తేడా. ఒకే కేసులో యావజ్జీవ శిక్ష పడి వచ్చినా, భారత సంతతికి చెందిన సహచరుడు అహ్మద్ కత్రాడాకు పొడుగు ప్యాంటు, వయసులో పెద్దవాడైన మండేలాకు పొట్టి నిక్కరు ఇచ్చారు. ఖైదీల మధ్య చీలిక తేవడానికి అల్పమైన వస్తువులు కూడా ఎలా ఆయుధాలయ్యాయో ఆ పట్టిక ముందు నిలబడితే తెలుస్తుంది. 466/64 నంబరు ఖైదీగా మండేలా పద్దెనిమిదేళ్లు గడిపిన ద్వీపమిది. ఆయన గది ముందు నిలబడడానికి దొరికేది మాత్రం క్షణాలే.

ఆ గైడ్లంతా వయసు మీరుతున్నవారు. వారి నోట వినగలిగే అవకాశం ఎల్లకాలం ఉండదు కనుక ఈ యాత్రను వాయిదా వేయవద్దని కోరుతున్నాను. జూన్ నుంచి ఆగస్టు వరకు సముద్రం పోటెత్తి పడవలు రద్దవుతుంటాయి. టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకుని, కేప్‌టౌన్‌లో దిగిన మరునాటికే ద్వీపయాత్ర పెట్టుకుంటే, పడవ రద్దయినా మరో రోజు వెళ్లడానికి వ్యవధి ఉంటుంది.