ప్రెడిక్ట్ ప్రోస్టేట్ వెబ్‌సైట్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్ళు అడిగేది "ఆపరేషన్ ఎప్పుడు?" అని. అసలు ఇప్పుడే వైద్యం అవసరమా అన్నది అంతకుముందే తేలాలి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు తయారుచేసిన ఈ ఉచిత వెబ్‌సైట్ అక్కడ బాగా సాయపడుతుంది. ఇంగ్లండులో పదివేల మందికి పైగా రోగుల వివరాలు దీనికి ఆధారం. వేరే అవయవాలకు పాకిన జబ్బుకు మాత్రం వర్తించదు.

వయసు, పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్ మోతాదు), టీ స్టేజి (గడ్డ ఎంతవరకు పెరిగిందో చెప్పేది), గ్రేడ్ గ్రూపు (క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే 1 నుంచి 5 అంకె), ఇతర జబ్బుల వివరాలు ఎక్కించాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది రెండు చోట్ల. బయాప్సీ రిపోర్టులో కణాల తీరును బట్టి ఇచ్చే గ్లీసన్ స్కోరు 3+4, 4+3 రెండూ కూడితే 7 అవుతాయి, కానీ మొదటిది గ్రూపు 2, రెండోది గ్రూపు 3. రిపోర్టులో మొత్తం ఒక్కటే చూసి ఎక్కించకండి. ఇక పీఎస్ఏ. ప్రోస్టేట్ వాపుకు ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు నెలల తరబడి వాడుతుంటే అది దాదాపు సగానికి పడిపోతుంది. ఆ అంకెనే వేస్తే జబ్బు ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయించిన పరీక్షలో ఎక్కువ చూపిస్తుంది. ఏ అంకె వేయాలో యూరాలజిస్టునే అడగండి.

వెంటనే వైద్యం చేయించుకోకుండా కనిపెట్టుకుని ఉంటే 10, 15 ఏళ్ళకు బతికుండే అవకాశం ఎంత, చేయించుకుంటే ఎంత అన్నది పక్కపక్కనే చూపిస్తుంది. ఈ క్యాన్సర్‌తో పోయే ముప్పును, వేరే కారణాలతో పోయే ముప్పును విడదీసి చూపడం దీనిలో మాకు బాగా నచ్చింది. గుండెజబ్బున్న పెద్దవయసు వాళ్ళకు ఆ తేడా కళ్ళారా చూడటం చాలా అవసరం.

కనిపెట్టుకుని ఉండటమంటే వదిలేయడం కాదు. పీఎస్ఏ పరీక్షలు, ఎమ్మారై, అవసరమైతే మళ్ళీ బయాప్సీ తప్పవు. బ్రిటన్‌లో 1,643 మందితో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనం 15 ఏళ్ళ ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు కనిపెట్టుకుని ఉన్న (పరిశీలన) గుంపులో 3.1 శాతం, ఆపరేషన్ గుంపులో 2.2, రేడియేషన్ గుంపులో 2.9. జబ్బు పాకడం మాత్రం పరిశీలనలో 9.4 శాతం, మిగతా రెండింటిలో అందులో దాదాపు సగమే. ఈ రెండో అంకెను దాటేసి నిర్ణయం తీసుకోకూడదు.

పెద్ద లోపం ఒకటుంది. ఆపరేషన్‌నీ రేడియేషన్‌నీ 'వైద్యం' అని ఒకే గాటన కట్టి లెక్క చెబుతుంది. ఆ రెండింటి మధ్య ఎంపికకు దుష్ఫలితాలే కొలబద్ద. అదే అధ్యయనంలో ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 46 శాతం మంది మూత్రం లీకవుతూ ప్యాడ్ వాడారు, ఆరేళ్ళకూ 17 శాతం మందికి ఆ అవసరం ఉంది. రేడియేషన్‌లో ఆరేళ్ళకు 4 శాతమే, కానీ మలంలో రక్తం పడటం వీళ్ళలో ఎక్కువ. అంగస్తంభన రెండింటిలోనూ దెబ్బతింటుంది. వెబ్‌సైట్ చూపిన ఫలితాల పేజీని ప్రింటు తీసుకుని సర్జన్‌నూ, రేడియేషన్ ఆంకాలజిస్టునూ విడివిడిగా కలవండి.