రెండేళ్లుగా నికోటిన్ గమ్: నా అనుభవం

పద్నాలుగేళ్లు సిగరెట్ తాగాను. మానడానికి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. మొదటి వారం బబుల్‌గమ్‌లా గబగబా నమిలి, ఊరిన రసం మింగేసి, వెక్కిళ్లతో అవస్థ పడ్డాను. దీన్ని అలా నమలకూడదు. నాలుగైదు సార్లు కొరికేసరికి మిరియం తగిలినట్టు నాలుక చురుక్కుమంటుంది. అక్కడ ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ కొరకాలి. కాఫీ తాగిన పావుగంట దాకా వద్దు. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ సరిగా ఇంకదు.

సిగరెట్ దమ్ము 10-20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. గమ్‌కి అరగంట దాకా పడుతుంది. మొదట్లో దండగ అనుకున్నాను కానీ, కిక్ ఇవ్వకుండా ఆ లాగుడు మాత్రం తగ్గించడమే దీని గొప్ప.

ఏడీహెచ్‌డీకి (ధ్యాస ఒకచోట నిలవని సమస్య) డాక్టర్ రాసిన మిథైల్‌ఫెనిడేట్ కూడా ఏడాదిగా వాడుతున్నాను, గమ్ సంగతి ఆయనకు చెప్పే. ఆ మాత్ర వేసుకుంటే మూడు నాలుగు గంటలు పని మీద కూర్చోగలను, ఆకలి మాత్రం చచ్చిపోతుంది. నికోటిన్ ఎప్పుడూ అంత పని చేయలేదు. మెదడు కణం నుంచి బయటికొచ్చిన డోపమైన్‌ని (హుషారు, కోరిక పుట్టించే రసాయనం) ఆ కణం తిరిగి లాక్కునే దారిని మిథైల్‌ఫెనిడేట్ మూస్తుంది. కొకైన్ మూసేదీ ఆ దారినే. యాంఫెటమైన్ అనే ఇంకో ఉత్తేజక మందు అయితే లోపలున్న డోపమైన్‌ని కూడా బయటికి తోస్తుంది. నికోటిన్ ఆ దారి జోలికి పోదు. ఎసిటైల్‌కొలీన్ అనే ఇంకో మెదడు రసాయనం కోసం ఉన్న రిసెప్టర్ల (కణం సంకేతాలు అందుకునే చోట్లు) మీద కూర్చుని డోపమైన్ కణాన్ని తట్టి లేపుతుంది. కాసేపటికే ఆ రిసెప్టర్లు మొద్దుబారిపోతాయి, ఇంకెంత ఇచ్చినా పలకవు. రాత్రి నిద్రలో తేరుకుంటాయి. పొద్దున మొదటి సిగరెట్ అంత కమ్మగా ఎందుకుండేదో ఇది తెలిశాకే నాకు అర్థమైంది.

కిక్ తక్కువ కదా, తేలిగ్గా వదులుతుందనుకోకండి. రోజుకి 20 సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు. అంటే రోజుకి 200 సార్లు మెదడుకి పాఠం చెప్పినట్టే. సిగరెట్ పడితేనే బుర్ర కదులుతుందని నేను నమ్మిన ఏకాగ్రతలో చాలావరకు, నికోటిన్ తగ్గి వచ్చిన చిరాకు తీరడమే.

మానబోయేవాళ్లకి ఒక్క మాట. కాఫీ సగానికి తగ్గించండి. పొగ వల్ల లివర్ కెఫీన్‌ని త్వరగా కరిగిస్తుంది. పొగ ఆగాక అదే కప్పు ఎక్కువైపోతుంది. రెండో వారం నాకు గుండెదడ వస్తే మానేసినందుకే అనుకుని ఎంత టెన్షన్ పడ్డానో.

రోజుకి పది గమ్‌ల నుంచి రెండుకి వచ్చాను. మధ్యాహ్నం భోజనం తర్వాతది ఇంకా వదల్లేదు.